‘చుట్టు 500’: తెలుగు కమాండ్లతో నడిచే కాయిల్ వైండింగ్ మెషిన్, ప్రాజెక్టు డైరీ

బెంగళూరు పీణ్యలోని ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వర్క్‌షాపు కోసం బల్ల మీద కూర్చునే వైండింగ్ మెషిన్ కడుతున్నాం. మోటార్లు రెండు. ఒకటి బాబిన్‌ని తిప్పుతుంది, రెండోది తీగను బాబిన్ వెడల్పంతా అటూ ఇటూ జరుపుతుంది. పక్కన ఒక పాత ల్యాప్‌టాప్, మధ్యలో యూఎస్‌బీ కేబుల్, అవతల ఆర్డువీనో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. ఆపరేటర్లలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు జిల్లాల కుర్రాళ్లు. ఫోన్లో రోజూ తెలుగులోనే టైపు చేస్తారు కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే పెట్టాం:

చుట్టు 500
వేగం 200
తీగ 23
వెడల్పు 20
ఆపు
ఎక్కడ

ఒక లైనుకు ఒక మాట, అవసరమైతే ఒక అంకె, చివర ఎంటర్. టచ్ స్క్రీనూ వద్దు, మెనూలూ వద్దు. రేపు ల్యాప్‌టాప్ బదులు రాస్ప్‌బెర్రీ పై పెట్టినా, ఫైల్లో నలభై లైన్లు రాసి పంపినా బోర్డు ప్రోగ్రాం మారక్కర్లేదు. టెక్స్ట్ కమాండ్ల సుఖం ఇదే.

జూన్ మొదటి వారం: సామాను

సామానంతా ఎస్పీ రోడ్డులోనే దొరికింది: యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే సీహెచ్340 చిప్పున్న ఊనో క్లోన్, 12 వోల్టుల 300 ఆర్‌పీఎం జాన్సన్ గేర్ మోటారు, దాన్ని నడిపే బీటీఎస్7960 మాడ్యూల్, తీగ గైడును జరిపే నీమా 17 స్టెప్పర్ మోటారు, దానికి ఏ4988 డ్రైవర్, ఇత్తడి నట్టుతో 300 మి.మీ. టీ8 స్క్రూ, మ్యాగ్నెట్‌ను పసిగట్టే ఏ3144 హాల్ సెన్సర్, నాలుగు చిన్న నియోడిమియం మ్యాగ్నెట్లు, 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), నొక్కితే లాక్ అయ్యే ఎర్ర ఎమర్జెన్సీ స్విచ్. 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు డజను తీసుకోవడం మంచిది, ఎందుకో కింద వస్తుంది. తీగ 36 గేజీ ఎనామిల్ తీగ, కిలో లెక్కన అమ్ముతారు. రాగి మందం 0.193 మి.మీ. ఎనామిల్‌తో కలిపి మైక్రోమీటరులో 0.22 వచ్చింది. పక్కపక్క చుట్లు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా 0.01 కలిపి, చుట్టుకు 0.23 మి.మీ. లెక్క వేసుకున్నాం.

మోటారు డ్రైవర్ అనగానే కౌంటర్ మీదికి ముందు ఎల్298ఎన్ వస్తుంది. ఈ పనికి అది చాలదు. జాన్సన్ మోటారు వైండింగ్ రెసిస్టెన్స్ మల్టీమీటరులో 2 ఓంలు చూపించింది. అంటే షాఫ్ట్ బిగిసిపోతే 12 బై 2, 6 ఆంపియర్లు. ఎల్298ఎన్ ఒక ఛానల్‌కు 2 ఆంపియర్ల చిప్పు, పైగా లోపల ఉన్నది పాత బైపోలార్ ట్రాన్సిస్టర్లు. ఆంపియర్ లాగితేనే రెండు వోల్టుల దాకా వేడి కిందే పోతాయి. బొమ్మ కార్ల బీఓ మోటార్లకు సరిపోతుంది గానీ దీనికి బీటీఎస్7960 తీసుకోవాల్సిందే. రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు షాఫ్ట్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి అన్నిటికంటే తక్కువ అంకె తీసుకోవాలి. బ్రష్ కమ్యుటేటర్ మీద ఎక్కడ ఆనిందన్న దాన్నిబట్టి రీడింగ్ మారుతుంది.

టీ8 స్క్రూలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ అన్నీ ఒకటి కాదు. ఒక రకం ఒక్క తిరుగుడుకు నట్టును 8 మి.మీ. జరుపుతుంది, ఇంకో రకం 2 మి.మీ. మాత్రమే. 8 మి.మీ. రకానికి చివర నాలుగు మరల మొదళ్లు కనిపిస్తాయి, రెండోదానికి ఒక్కటే. షాపులోనే నట్టును సరిగ్గా ఒక తిరుగుడు తిప్పి స్కేలు పెట్టి చూసుకోవాలి. తేడా నాలుగు రెట్లు. ప్రోగ్రాంలో సరిచేసుకోవచ్చు గానీ, మా లెక్క మొత్తం 8 మి.మీ. మీద కట్టాం.

ఆ లెక్క ఇది. స్టెప్పర్ ఒక తిరుగుడుకు 200 స్టెప్పులు. ఏ4988ని ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులకు పెడితే 3200. స్క్రూ 8 మి.మీ. కాబట్టి మిల్లీమీటరుకు 400, మిల్లీమీటరులో నూరో వంతుకు 4. ఇక బాబిన్‌ని తిప్పే స్పిండిల్ మీద నాలుగు మ్యాగ్నెట్లు, ఒక్కొక్కటి సెన్సర్ ముందుకు రాగానే ఒక పల్సు, అంటే ఒక చుట్టుకు నాలుగు పల్సులు. నాలుగుకు నాలుగు కొట్టుకుపోయి, తీగ మందం నూరో వంతుల్లో ఎంతో, ఒక పల్సుకు వెయ్యాల్సిన మైక్రోస్టెప్పులు సరిగ్గా అంతే. ‘తీగ 23’ అంటే పల్సుకు 23 స్టెప్పులు. దశాంశాలు లేవు, భాగహారం లేదు, మిగులు పోగుపడి చివరి పొరలో తీగ పక్కకు జరగడం లేదు. మ్యాగ్నెట్లు మూడో అయిదో పెట్టి ఉంటే ఈ సుఖం ఉండేది కాదు.

జూన్ రెండో వారం: వైరింగ్

ఏ4988లో ముందు కరెంటు పరిమితి పెట్టాలి, మోటారు తగిలించడం ఆ తరవాతే. సూత్రం: విరెఫ్ (డ్రైవర్ రెఫరెన్స్ వోల్టేజి) = 8 × కరెంటు × సెన్స్ రెసిస్టర్. బోర్డు మీద చిప్పు పక్కనుండే రెండు చిన్న నల్ల రెసిస్టర్ల మీద ‘ఆర్100’ అని ఉంటే 0.1 ఓం, ‘ఆర్050’ అని ఉంటే 0.05 ఓం. తీగ గైడుకు 0.8 ఆంపియర్లు చాలు. ఆర్100 బోర్డుకు 0.64 వోల్టులు, ఆర్050 బోర్డుకు 0.32. రెసిస్టర్ మీది రాత చదవకుండా ఎవరో చెప్పిన 0.64 పెట్టేస్తే ఆర్050 బోర్డులో 1.6 ఆంపియర్లు పారుతుంది. మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక గానీ సంగతి తెలియదు. డ్రైవర్ మోటారు సప్లై కాళ్లకు ఆనుకునే 100 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్ వెయ్యాలి. పవర్ ఉండగా స్టెప్పర్ కనెక్టర్ పీకకూడదు, పీకితే డ్రైవర్ చిప్పు పోతుంది. రీసెట్, స్లీప్ పిన్నులు రెండూ కలిపెయ్యాలి. రీసెట్‌ని గాల్లో వదిలేస్తే మోటారు ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు.

బీటీఎస్7960లో రెండు ఎనేబుల్ పిన్నులు 5 వోల్టులకు, కుడి పీడబ్ల్యూఎం (చకచకా ఆన్, ఆఫ్ చేస్తూ మోటారు వేగాన్ని అదుపు చేసే సిగ్నల్) ఊనో 9వ పిన్నుకు, ఎడమది 10వ పిన్నుకు. ఎనేబుల్ పైన ఉండి రెండు పీడబ్ల్యూఎంలూ సున్నా అయితే మోటారు రెండు కొసలూ గ్రౌండుకు కలిసి బ్రేకు పడుతుంది. ఎనేబుల్ తీసేస్తే మోటారు తన జోరులో తాను తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. వైండింగుకు కావలసింది బ్రేకే.

9, 10 పిన్నుల్లో మామూలుగా వచ్చే పీడబ్ల్యూఎం 490 హెర్ట్జ్. మోటారు కీచుమని కూస్తుంది, రోజంతా పక్కన కూర్చునేవాడికి తలనొప్పి. ఆ పిన్నులను నడిపే ఊనో లోపలి టైమర్1ని ఫేజ్ కరెక్ట్ మోడ్‌లో పెట్టి పై హద్దు 500 ఇస్తే 16 మెగాహెర్ట్జ్ బై రెండు బై 500, అంటే 16 కిలోహెర్ట్జ్. బీటీఎస్7960 ఇరవై అయిదు వరకు తట్టుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక: సర్వో లైబ్రరీ కూడా టైమర్1నే వాడుకుంటుంది. ఎవరైనా తరవాత తీగ కత్తిరించడానికి సర్వో కలిపితే స్పిండిల్ మోటారు మాట వినడం మానేస్తుంది.

ఏ3144 దక్షిణ ధ్రువానికే పలుకుతుంది, అది కూడా రాత ఉన్న ముఖం వైపు వస్తేనే. నాలుగు మ్యాగ్నెట్లలో ఒకటి తిరగబడి అతుక్కుంటే చుట్టుకు మూడు పల్సులే వస్తాయి. 500 అడిగితే 666 దాటి చుట్టి ఆగుతుంది. అంటించే ముందు నాలుగూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పై ముఖాలన్నిటికీ మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి. సెన్సర్ అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్. 5 వోల్టులకు 10 కిలోఓంల రెసిస్టర్ లేకపోతే సిగ్నల్ పైకి లేవదు.

జూన్ మూడో వారం: సీరియల్ లైను

వేగం 38400 పెట్టాం. 115200 ఎందుకు కాదంటే, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ మీద ఊనో ఇవ్వగలిగే దగ్గరి వేగం 117647, అంటే 2.1 శాతం తేడా. చాలాసార్లు నడుస్తుంది, అయితే ఆ ‘చాలాసార్లు’ ఫ్యాక్టరీ బల్ల మీద వద్దు. 38400లో తేడా 0.2 శాతమే. మన పెద్ద లైన్లలో ఒకటైన ‘చుట్టు 5000’ ఎంత పడుతుందో చూద్దాం. తెలుగులో ప్రతి కోడూ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు. చ, ఉత్వం, ట, పొల్లు, ట, ఉత్వం, మొత్తం ఆరు కోడులు, 18 బైట్లు. ఖాళీ ఒకటి, అంకెలు నాలుగు, లైను ముగింపు ఒకటి, వెరసి 24 బైట్లు. బైటుకు పది బిట్లు, 240 బిట్లు, 6.25 మిల్లీసెకన్లు. పల్సుకు పల్సుకు మధ్య 50 మిల్లీసెకన్లు ఉన్న మెషిన్‌కు ఇది లెక్కలోకి రాదు. ఆర్డువీనో సీరియల్ బఫర్ 64 బైట్లు, ఇలాంటివి రెండు లైన్లు పడతాయి. మూడోది కలిపి తోస్తే తోక తెగుతుంది. అందుకే బోర్డు ‘సరే’ అన్నాకే ల్యాప్‌టాప్ తరవాతి లైను పంపాలి.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లందరూ వచ్చిన లైను చదవడానికి ఆర్డువీనోలో ఉన్న రీడ్‌స్ట్రింగ్, పార్స్‌ఇంట్ ఫంక్షన్లు వాడతారు. రెండూ ఇక్కడ పనికిరావు. రీడ్‌స్ట్రింగ్ ఇంకేమైనా వస్తుందేమోనని ఒక సెకను కాచుకుని కూర్చుంటుంది. ఆ సెకనులో 20 పల్సులు వచ్చి పోతాయి, గైడు నిలబడిపోయి తీగంతా ఒకే చోట గుట్ట పడుతుంది. పార్స్‌ఇంట్ ఇంకా తమాషా: ‘200’ చదువుతుంది, వెనక మిగిలిన లైను ముగింపు గుర్తు చూసి ఇంకో అంకె ఉందనుకుంటుంది, సెకను ఆగి సున్నా ఇస్తుంది. మోటారు సెకను తిరిగి ఆగిపోతుంది, మనం వైరింగంతా విప్పి చూస్తాం. ఒక్కొక్క బైటు తీసుకుని 48 బైట్ల బఫర్‌లో వేసుకుంటూ, లైను ముగింపు రాగానే విడదీయడమే సరైన పద్ధతి. బఫర్ నిండిపోతే ఆ లైను మొత్తం పారేసి ‘తప్పు 3’ అనాలి. సగం లైను మీద మోటారు తిప్పకూడదు. అంకెను ఎటాయి (atoi) ఫంక్షన్‌తో కాక స్ట్రటోల్‌ (strtol)తో చదవాలి. ఎటాయి చెత్తను చూసినా సున్నా అంటుంది, స్ట్రటోల్ అయితే ఎక్కడి దాకా చదివిందో చెబుతుంది. ‘5O0’లో మధ్యది సున్నా కాదు, ఇంగ్లిషు అక్షరం అయితే పట్టుబడేది అక్కడే.

తెలుగు బైట్ల దగ్గర పెద్ద గుంట ఒకటి ఉంది. లైనులోకి పొరపాటున దూరే కంట్రోల్ గుర్తులు తీసేయడానికి ‘విలువ 32 కంటే తక్కువైతే వదిలెయ్’ అని అందరూ రాస్తారు. ఊనోలో క్యార్ అనే రకం రుణ సంఖ్యలూ పట్టేది. తెలుగు అక్షరం మొదటి బైటు 224, క్యార్‌లో అది మైనస్ 32 అవుతుంది. రెండో బైటు 176 కానీ 177 కానీ, అవి మైనస్ 80, మైనస్ 79. అన్నీ 32 కంటే తక్కువే! ‘చుట్టు 500’ పంపితే బోర్డుకు చేరేది ఖాళీ, 500 మాత్రమే. ఇంగ్లిషులో పరీక్షిస్తే అంతా బాగుంటుంది, తెలుగులో పంపితే ‘తప్పు 1’. బైటు పెట్టుకునే చోటల్లా క్యార్ తీసేసి యుఇంట్8 పెడితే పోతుంది.

యూటీఎఫ్-8 చేసిన మేలు కూడా చెప్పాలి. తెలుగు అక్షరాల బైట్లన్నీ 128 పైనే, కాబట్టి లైను ముగింపు గుర్తు గానీ, ‘!’ గానీ అక్షరం మధ్యలో ఎప్పుడూ రాదు. అందుకని ‘!’ని తక్షణ ఆపుడు గుర్తుగా పెట్టుకున్నాం. అది రాగానే బఫర్‌లో ఏ లైను సగంలో ఉన్నా లెక్కచెయ్యకుండా బ్రేకు. ఎంటర్ కోసం ఆగదు, వరసలో నిలబడదు. ‘?’ కూడా అంతే, ఎప్పుడొచ్చినా ఎన్ని చుట్లు అయ్యాయో, ఎన్నో పొరో రెండంకెలు తిరిగి పంపుతుంది. సీఎన్‌సీ మెషిన్లలో వాడే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాంలోనూ ఇదే ఏర్పాటు: ‘!’ అంటే ఆగు, ‘?’ అంటే స్థితి చెప్పు. ‘ఆపు’ అనే మాట మనిషి టైపు చెయ్యడానికి. ల్యాప్‌టాప్ ప్రోగ్రాంలో స్పేస్ బార్ నొక్కితే వెళ్లేది ‘!’.

చెక్‌సమ్ (లైను చెడకుండా చేరిందో లేదో సరిచూసే అంకె) పెట్టలేదు. యూఎస్‌బీలో ప్రతి ప్యాకెట్‌కూ సీఆర్‌సీ అనే అలాంటి సరిచూపు ఉంటుంది, చెడితే మళ్లీ పంపుతుంది. సీహెచ్340 నుంచి ప్రాసెసర్ దాకా మిగిలేది బోర్డు మీది రెండు సెంటీమీటర్ల రాగి గీత. ఈ మెషిన్‌లో అక్షరం చెడిపోవడం కంటే కేబుల్ మొత్తంగా ఊడిపోవడమే ఎక్కువ. రేపు బ్లూటూత్ మాడ్యూలో, ఆర్‌ఎస్-485 తీగో పెడితే అప్పుడు ఎక్సార్ చెక్‌సమ్ తప్పనిసరి. ఇప్పటికి బోర్డు తనకు అర్థమైన అంకెను ‘సరే 500’ అని తిరిగి పలుకుతుంది, ల్యాప్‌టాప్ పోల్చుకుంటుంది. అంతవరకు చాలు.

జూన్ చివర: ల్యాప్‌టాప్ వైపు

భాష సంగతంతా ల్యాప్‌టాప్‌లో నడిచే పైథాన్ ప్రోగ్రాంకు అప్పగించాం. బోర్డుకు పది మాటలు మాత్రమే తెలుసు, అవి కూడా బైటుకు బైటు సరిపోతేనే. మనిషి టైపు చేసింది ఆ పదిలోకి దించడం పైథాన్ పని.

కీబోర్డును బట్టి తెలుగు మారుతుంది. కొన్ని కీబోర్డులు పొల్లు తరవాత కంటికి కనిపించని విడగొట్టే గుర్తును చొప్పిస్తాయి. తెర మీద తేడా తెలియదు, బోర్డుకు మూడు బైట్లు ఎక్కువ చేరతాయి. ఐత్వం ఉన్న మాటలు ఇంకో చిక్కు: ‘ై’ ఒకే కోడుగా రావచ్చు, ఎత్వం కింద గుర్తు చేర్చి రెండు కోడులుగానూ రావచ్చు. పంపే ముందు ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి (అలాంటి రెండు కోడులు కలిసి ఒకటవుతాయి) మార్చి, ఆ కనిపించని గుర్తులు తీసేసి పంపుతున్నాం. అయినా కమాండ్ మాటల్లో ఐత్వం రాకుండా చూసుకున్నాం, ‘వైపు’ అందుకే లేదు. తెలుగు అంకెలు ౫౦౦ అని కొట్టినా 500గా మారుతుంది. వర్క్‌షాపులో అందరూ అనేది ‘టర్నులు’ కాబట్టి ‘టర్నులు 500’, ‘500 టర్నులు’ అని ఎటు కొట్టినా బోర్డుకు వెళ్లేది ‘చుట్టు 500’. ‘వేగము’, ‘స్పీడు’ కూడా అంతే.

అటునుంచి చదివేటప్పుడు వచ్చినన్ని బైట్లు వెంటనే అక్షరాలుగా మారిస్తే, ఒక్కోసారి అక్షరం మధ్యలో తెగి ప్రోగ్రాం కూలుతుంది. పూర్తి లైను వచ్చేదాకా బైట్లుగానే ఉంచి, తరవాత మార్చాలి. పాడైన బైటు వస్తే ఆగిపోకుండా ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకు పొమ్మనాలి.

బోర్డు నుంచి పెద్ద తెలుగు వాక్యాలు పంపకూడదు. ‘తీగ తెగింది, మోటారు ఆగింది’ అన్న వాక్యం 70 బైట్లు, ముగింపు సున్నాతో 71. ఊనోలో మొత్తం ర్యామ్ 2048 బైట్లు. ఎఫ్ మాక్రో లేకుండా ఇలాంటివి ఇరవై రాస్తే 1420 బైట్లు అక్కడికే సరి. మిగిలిన చోటులో ప్రోగ్రాం పిచ్చిగా ప్రవర్తిస్తుంది, ఏ తప్పూ చూపించదు. ఎఫ్ మాక్రో పెట్టి ఫ్లాష్‌లో దాచినా ఇంకో ఇబ్బంది ఉంది. పంపే బఫర్ కూడా 64 బైట్లే కాబట్టి మిగతా బైట్లకు చోటు వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడుతుంది. 9600లో అయితే అది పది మిల్లీసెకన్ల దాకా వెళ్తుంది, గైడు మోటారుకు నాలుగైదు స్టెప్పులు ఆలస్యం. అందుకే బోర్డు ‘తప్పు 4’ అని మాత్రమే అంటుంది. ‘బాబిన్ తిరగట్లేదు, తీగ ఎక్కడైనా చిక్కుకుందేమో చూడండి’ అని తెర మీద చెప్పేది పైథాన్.

పోర్టు తెరిస్తే ఊనో రీసెట్ అవుతుంది. సీరియల్ పోర్టులోని డీటీఆర్ లైను కిందికి పడి, 100 నానోఫారడ్ కెపాసిటర్ గుండా రీసెట్ పిన్నును లాగుతుంది. తరవాత సెకను పైచిలుకు బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రాం ఎక్కించుకునే భాగం) చేతిలో ఉంటుంది, అప్పుడు పంపిన కమాండ్ పోయినట్టే. పైథాన్ ‘సిద్ధం’ అన్న లైను వచ్చేదాకా ఏదీ పంపదు. అసలు ప్రమాదం అది కాదు. చుట్టడం సగంలో ఉండగా ఇంకెవరో సీరియల్ మానిటర్ తెరిస్తే లెక్క సున్నాకు పోతుంది. రీసెట్‌కూ గ్రౌండుకూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే రీసెట్ ఆగుతుంది, ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు మాత్రం తీసేయాలి. మేం దాన్ని జంపర్ మీద పెట్టాం.

ఉబుంటు 22.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో పోర్టు కనిపించి వెంటనే మాయమైతే బోర్డును తప్పు పట్టొద్దు. బ్రెయిలీ తెరల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం సీహెచ్340ని తనదనుకుని లాక్కుంటుంది. దాన్ని తీసేస్తే సరి. సీరియల్ పోర్టు వాడే అనుమతి కోసం యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చడం మామూలే.

జూలై మొదటి వారం: మోటారు రొద

స్పిండిల్ తిరగగానే లెక్క దొర్లింది. చేత్తో తిప్పితే చుట్టుకు నాలుగు, మోటారుతో తిప్పితే ఐదు, ఆరు, ఒక్కోసారి తొమ్మిది. బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వల రొద హాల్ సెన్సర్ తీగలోకి ఎక్కుతోంది. వరసగా చేసినవి: మోటారు రెండు కాళ్ల మధ్య ఒక 100 నానోఫారడ్, ఒక్కో కాలి నుంచి మోటారు డొక్కుకు ఒకటి, వెరసి మూడు, నేరుగా మోటారు మీదే సోల్డర్ చేసి. మోటారు తీగలు రెండూ మెలితిప్పి, సెన్సర్ తీగకు దూరంగా. సెన్సర్ దగ్గర సప్లైకి ఇంకో 100 నానోఫారడ్. దీనితో తొంభై పాళ్లు పోయింది. మిగిలినదానికి ప్రోగ్రాంలో: 300 ఆర్‌పీఎంలో పల్సుల మధ్య దూరం 50 మిల్లీసెకన్లు, కాబట్టి పోయినదాని తరవాత 15 మిల్లీసెకన్ల లోపు వచ్చేది ఏదైనా దొంగ పల్సే, వదిలెయ్. ముందే ప్రోగ్రాంతో దులిపేసి కెపాసిటర్లు మానేయడం తప్పు పద్ధతి. అదే రొద యూఎస్‌బీని కూడా పడగొడుతుంది.

పడగొట్టింది కూడా. మోటారు ఆగేటప్పుడు పోర్టు ఊడిపోయేది. లినక్స్ లాగులో ‘హబ్ పోర్టును ఆపేసింది, ఈఎంఐ కావచ్చు’ (ఈఎంఐ అంటే ఈ విద్యుత్ రొదే) అన్న లైను కనిపిస్తే కారణం ఇదే. మళ్లీ వచ్చినప్పుడు పోర్టు పేరు చివరి అంకె సున్నా కాక ఒకటి అవుతుంది, పైథాన్ పాత పేరుకే అతుక్కుని ఉంటుంది. గ్రౌండు తీగలను మార్చాం: మోటారు కరెంటు ఊనో గ్రౌండు గుండా పోకుండా, ఎస్ఎంపీఎస్ మైనస్ స్క్రూ దగ్గరే అన్నీ కలిసేలా. కేబుల్ మీటరున్నర నుంచి అర మీటరుకు తగ్గించి రొదను అణిచే ఫెరైట్ తొడిగాం. పోర్టును ‘బై-పాత్’ పేరుతో (ఏ యూఎస్‌బీ సాకెట్‌కు తగిలించామన్న దాన్నిబట్టి వచ్చే పేరు) తెరుస్తున్నాం. సీహెచ్340 క్లోన్లకు సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు కాబట్టి ‘బై-ఐడీ’ రెండు బోర్డులుంటే గందరగోళం.

కేబుల్ ఊడితే మోటారు ఏం చెయ్యాలి? ల్యాప్‌టాప్ ప్రతి 500 మిల్లీసెకన్లకూ ‘?’ పంపుతుంది. రెండు సెకన్లు ఏ బైటూ రాకపోతే బోర్డు బ్రేకు వేసి ‘తప్పు 5’లోకి వెళ్తుంది, లెక్క మాత్రం దాచుకుంటుంది. ల్యాప్‌టాప్ మూత వేసినా ఇదే జరుగుతుంది. ఇవన్నీ ఎర్ర స్విచ్‌కు బదులు కావు. అది ఏ ప్రోగ్రాంనూ అడగకుండా 12 వోల్టులు నేరుగా తెంపుతుంది, బల్ల ముందు అంచున చేతికి అందేచోట ఉంది.

లెక్కలో ఇంకో తమాషా: తెర మీద 63 తరవాత ఒక్క క్షణం 127 కనిపించి, మళ్లీ 64. పల్సుల లెక్క రెండు బైట్లు, ఊనో ఒకసారికి ఒక బైటే చదువుతుంది. 255 నుంచి 256కు మారే క్షణంలో ఇంటరప్ట్ (పల్సు రాగానే జరిగే పనిని ఆపి లెక్క పెంచే భాగం) మధ్యలో దూరితే కింది బైటు పాతది, పై బైటు కొత్తది, వెరసి 511 పల్సులు, నాలుగో వంతు 127. చదివేముందు ఇంటరప్టులు ఆపి, కాపీ తీసుకుని, మళ్లీ వదలాలి. ఆ రెండు బైట్ల సంగతిలోనే ఇంకోటి: ‘చుట్టు 9000’ అంటే 36000 పల్సులు, ఇంట్ రకంలో అది మైనస్ 29536. మెషిన్ మొదలవకుండానే ‘అయిపోయింది’ అంటుంది. ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకం పెట్టి, అయినా హద్దు 8000 దగ్గరే ఉంచాం. ఆ బాబిన్ మీద అంతకంటే పట్టదు కూడా.

జూలై రెండో వారం: చుట్టడం

36 గేజీ రాగి అడ్డుకోత వైశాల్యం 0.029 చదరపు మి.మీ. మెత్తటి రాగి 200 మెగాపాస్కల్ దగ్గర తెగుతుందనుకుంటే ఆరు న్యూటన్లు, అరకిలో పైచిలుకు బరువు. తెగకపోయినా అంతకు చాలా ముందే సాగి సన్నబడుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాబట్టి ఒక్క కుదుపుతో మొదలుపెట్టకూడదు. పీడబ్ల్యూఎం 500లో 90 దగ్గర మొదలై రెండు సెకన్లలో అడిగిన వేగానికి ఎక్కుతుంది. 90 కంటే తక్కువిస్తే ఈ మోటారు మూలుగుతుందే గానీ కదలదు, ఆ అంకె ఒక్కో మోటారుకు ఒకలా ఉంటుంది. పల్సు వచ్చినప్పుడు 23 స్టెప్పులూ ఒక్కసారి కొట్టకుండా, పోయిన పల్సు పట్టిన కాలాన్ని 23తో భాగించి ఆ ఎడంతో కొడుతున్నాం. 300 ఆర్‌పీఎంలో రెండు మిల్లీసెకన్లకొకటి. అలా చేయకపోతే తీగ పావు చుట్టుకొకసారి గంతులు వేస్తుంది.

చివరి పది చుట్లు 60 ఆర్‌పీఎంకు దిగి, లెక్క పూర్తవగానే బ్రేకు. పూర్తి వేగం నుంచి బ్రేకు వేస్తే ఒక చుట్టు దాకా ముందుకు పోయేది, ఇప్పుడు పావు చుట్టు లోపే.

20 మి.మీ. బాబిన్‌లో ఒక పొరకు 86 చుట్లు, 500కు ఆరు పొరలు. పొర చివర గైడు వెనక్కి తిరిగేటప్పుడు ఇత్తడి నట్టులో ఉన్న లూజు వల్ల మొదటి ఒకటి రెండు చుట్లూ ఒకే చోట పడి అంచు ఉబ్బుతుంది. డయల్ గేజు పెట్టి కొలిస్తే లూజు 0.15 మి.మీ. దిశ మారినప్పుడల్లా 60 స్టెప్పులు అదనంగా వేసేలా ‘సందు 15’ అనే కమాండ్ చేర్చాం. స్ప్రింగు నట్టు పెడితే ఇది అక్కర్లేదు గానీ, అది స్క్రూను బిగించి పట్టుకుంటుంది, 0.8 ఆంపియర్లలో స్టెప్పర్ అప్పుడప్పుడు తప్పుతుంది.

కరెంటు పోతే లెక్క పోకుండా ఊనోలోని చెరగని మెమరీ ఈఈప్రామ్‌లో రాద్దామన్న ఆలోచన వచ్చింది. చుట్టుకొకసారి రాస్తే, ఒక చోటుకు హామీ ఇచ్చిన లక్ష రాతలు 200 బాబిన్లకే అయిపోతాయి. పొరకొకసారి రాస్తున్నాం, పదహారు వేల బాబిన్ల పైన వస్తుంది. తిరిగి వెలిగాక ‘ఎక్కడ’ అంటే ఏ పొర పూర్తయిందో చెబుతుంది. సగం పొరను ఆపరేటర్ చేత్తో విప్పి అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మిగిలింది తీగ తెగడాన్ని పట్టుకోవడం. గైడు ముందున్న కప్పీ మీద ఇంకో ఏ3144, ఒక మ్యాగ్నెట్ పెట్టి, స్పిండిల్ తిరుగుతుండగా కప్పీ ఆగిపోతే ‘తప్పు 6’ అని ఆపాలి. ఊనోలో మిగిలిన ఇంటరప్ట్ పిన్ను 3 దానికే అట్టే పెట్టాం. కప్పీ చుట్టుకొలత 60 మి.మీ. లోపల ఉంటేనే సన్నటి బాబిన్ మొదటి పొరల్లో కూడా సెకనులోపు పట్టుబడుతుంది. ఎస్పీ రోడ్డులో దొరికినవన్నీ అంతకంటే పెద్దవి, ఇక అవెన్యూ రోడ్డు వైపు కుట్టుమిషన్ సామాను షాపుల్లో చూడాలి.